మొక్కు కోడి కేసు

నేరం చేసినవాడు దొరికిపోయేది నేరం వల్ల కాదు, తెలివితక్కువతనం వల్ల అని కొమురెల్లి శనివారం సాయంత్రం తేల్చేశాడు. అప్పటికి అతను ఫోనులో ఒక క్రైమ్ సీరియల్ చూసింది రెండంటే రెండు ఎపిసోడ్లు. గోదావరిఖని బొగ్గుబాయిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నా, ఏ విషయాన్నీ ఇంత గట్టిగా తేల్చింది లేదు.

సీరియల్లో ఒక గుమాస్తా పొరపాటున కారుతో ఒకణ్ని గుద్ది చంపి, శవాన్ని దాచేస్తాడు. పోలీసులు వచ్చి ఏ పాపమూ ఎరగని వాచ్‌మన్‌ను పట్టుకుపోతారు. గుమాస్తా కిటికీలోంచి అది చూస్తూ టీ తాగుతాడు.

"ఒక్క మాట చెప్తే వాని సొమ్మేం పోయింది?" అంది కొమురెల్లి భార్య సారక్క, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"చెప్తే సీరియల్ యాడుంటది? వాడు చేసిన తప్పల్లా కారు కడుగకపోవుడు."

"మరి ఆ వాచ్‌మన్ సంగతేంది?"

"ఆయన సైడ్ యాక్టర్. గట్లనే అయితది."

సారక్క అతనికేసి ఒక చూపు చూసి వంటింట్లోకి పోయింది.

మర్నాడు ఆదివారం, బాయికి సెలవు. సారక్క కూరగాయలకు పోయింది. కొమురెల్లి గడ్డం గీయించుకుందామని స్కూటర్ తీసి, అద్దంలో మీసం చూసుకుంటూ గేటు దగ్గర మలుపు తిప్పాడు. చక్రం కింద ఏదో మెత్తగా తగిలింది. దిగి చూస్తే చచ్చిన ఎర్ర కోడిపుంజు. కుడికాలికి పసుపుదారం.

పసుపుదారమంటే మాటలు కాదు. వానాకాలంలో బాయిలో పైకప్పు కూలినప్పుడు, నీళ్లు తాగడానికి నాలుగడుగులు పక్కకు జరిగాడు కాబట్టి కొమురెల్లి బతికాడు. ఆ సాయంత్రమే సారక్క బాయిని కాచే మైసమ్మకు పుంజును మొక్కి, దాని కాలికి దారం కట్టింది. వచ్చే ఆదివారమే మొక్కు. "ఇది నీ పానం, జర మంచిగ చూసుకో" అని మొగుడికి రోజూ చెబుతూ వచ్చింది. ఇప్పుడు అతని ప్రాణం అతని చక్రం కిందే పడి ఉంది.

నిజం చెబితే మైసమ్మ అలిగిందని సారక్క బెంగపడుతుంది. రేపు డ్యూటీకి పోనివ్వదు. అన్నిటికీ మించి తిడుతుంది. కొమురెల్లికి గుమాస్తా గుర్తొచ్చాడు.

కాలనీలో కాలువలు తీసే బిక్షం, తన పారను గోడకు ఆనించి టీకి పోయాడు. ఆ పారతోనే కొమురెల్లి పెరట్లో కరివేపాకు చెట్టు కింద గుంట తవ్వి పుంజును పూడ్చి, పారను ఎక్కడిదక్కడ పెట్టేశాడు. తర్వాత స్కూటర్‌ను సబ్బుతో కడిగాడు. కొన్న ఆరేళ్లలో దానికి అదే తొలి స్నానం. దాని రంగు నీలమని కొత్తగా వచ్చిన ఇరుగుపొరుగుకు అప్పుడే తెలిసింది. ఇక సాయంత్రం మంచిర్యాల పోయి అచ్చం అలాంటి పుంజును తెస్తే పని పూర్తవుతుంది.

సారక్క సంచితో గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఎవలొచ్చిండ్రు? ఈ బండి ఎవలది?"

"మనదే. ఊకనే కడిగిన. పొద్దున తొమ్మిదింటి సంది తొమ్మిదిన్నర దాక నేను మంగలి షాపుల ఉన్న. కావాల్నంటే అడుగు."

"నేనేమన్న అడిగిన్నా?"

"అడుగుతవేమోనని చెప్తున్న."

"మరి గడ్డం గట్లనే ఉన్నది?"

కొమురెల్లి గడ్డం తడుముకున్నాడు. "షాపుల మస్తు మంది ఉన్నరు."

సారక్క కరివేపాకుకని పెరట్లోకి పోయింది. ఆమె రెండు రెమ్మలతో తిరిగొచ్చింది.

"చెట్టుకు మన్ను పోసినవా? ఎరువు గిట్ల ఏసినవా?"

"జర ఏసిన" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అంతలో బాత్రూంలోంచి కోడి కూసింది. కొమురెల్లి గోడకు అతుక్కుపోయాడు.

"గట్ల జడుసుకుంటవేంది? కుక్కలు తిరుగుతున్నయని పొద్దుగాల నేనే మన పుంజును బాత్రూంల ఏసి పోయిన."

అయితే పూడ్చింది ఎవరిని? జవాబు వీధిలోంచి వినబడింది. పక్క క్వార్టర్ లస్మవ్వ తన పుంజు కోసం కేకలు పెడుతోంది. ఆమె కొడుకుదీ అదే బాయి, అదే షిఫ్టు. ఆమె కూడా పైకప్పు కూలిన సాయంత్రమే మైసమ్మకు మొక్కింది. రెండు పుంజులూ ఒకే గంపలోంచి కొన్నవి, దారమూ ఒకే ఉండలోది.

కొమురెల్లికి ముందు సంతోషమే వేసింది. మన కోడి కానప్పుడు మన కేసూ కాదనుకున్నాడు. గేటు దాకా పోయి చూశాక ఆ సంతోషం చల్లారింది. బిక్షం ముందు నిలబడ్డ లస్మవ్వ చేతిలో అతని పార ఉంది. దానికి రెండు ఎర్ర ఈకలు అంటుకుని ఉన్నాయి.

"మైసమ్మ సొమ్ముర అది. తింటె నీకు అరుగుతదా?"

"నేను ముట్టలేదవ్వా. టీకి పోయిన, వచ్చిన. ఈకలెట్లొచ్చినయో నాకెరుక లేదు."

"సూపర్‌వైజర్‌కు చెప్త. రేపటి సంది నీకు ఈ కాలనీల పని లేదు."

బిక్షం నలుగురి మధ్య తల వంచుకుని నిలబడ్డాడు. సారక్క టీ గ్లాసు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"చూసుకుంట తాగు" అంది మెల్లగా.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కొమురెల్లి గ్లాసు గోడ మీద పెట్టి వీధిలోకి నడిచాడు.

"అవ్వా, బిక్షాన్నేమనకు. నీ కోడి నా బండి కింద పడ్డది. ఆ పారతోని నేనే బొందపెట్టిన. తప్పయింది. బిక్షం, నువ్వు కూడ ఏమనుకోకు తమ్మీ."

లస్మవ్వ పార కింద పడేసి, బిక్షానికి పెట్టిన తిట్లన్నీ మొదటి నుంచి మళ్లీ కొమురెల్లికి పెట్టింది. సారక్క బాత్రూంలోని పుంజును తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తీస్కో అవ్వా. నీ కొడుకు మొక్కు ఆగొద్దు."

ఇంట్లోకి వచ్చాక కొమురెల్లి అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"కరివేపాకు కాడ్నే. దారం కొస మన్నుల కెల్లి బయటికున్నది."

"మరి అప్పుడే అడుగకపోయినవ్?"

"నీ అబద్ధాలు నాకు కొత్తనా? మొదాలు నవ్వొచ్చింది. బిక్షాన్ని పట్టుకున్నంక భయమైంది. నువ్వు చెప్పకుంటె నేనే చెప్తుంటి. కాని గసుంటోనితోని ఎట్ల బతకాల్నో నాకు తెల్వకపోతుండె."

పైకప్పు కూలిన రోజు కూడా కొమురెల్లి ఇంతగా భయపడలేదు.

"మరి నా మొక్కెట్ల?" అన్నాడు.

"మార్చిన. పుంజుకు బదులు ఏడాది దాక నువ్వు కోడికూర ముట్టవని మైసమ్మకు చెప్పిన."

"ఏడాదా? జర తగ్గియ్యమనరాదు?"

"బండి కడిగినందుకే ఆర్నెల్లు."

తర్వాతి ఆదివారం బాయి మైసమ్మ గుడి దగ్గర లస్మవ్వ మొక్కు చెల్లించి, మొదటి కాలు ముక్క బిక్షం విస్తరిలో వేసింది. బిక్షం పక్క విస్తరికేసి చూశాడు. అందులో అన్నం, పప్పుచారు తప్ప ఏమీ లేవు.

"నీకు కూర ఎయ్యలేదేందన్నా?"

"ఇయ్యాల నేను సైడ్ యాక్టర్‌ను తమ్మీ" అన్నాడు కొమురెల్లి. పప్పుచారులో కరివేపాకు మాత్రం సారక్క దండిగా వేసింది.