నలభై మూడు చీటీలు

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి. ఆ ఫోను పక్కన పెట్టి ఇటు చెవి పడేయండి. అంతా విన్నాక తీర్పు మీరే చెప్పాలి.

ఆ గురువారం పొద్దున తూనీగ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి బాబాయ్ షాపుకి వెళ్ళాలి, పదింటికల్లా ఆ షాపుకి ఒక వెబ్‌సైట్ పెట్టేయాలి, పదీ పావుకి కాలేజీకి పరుగెత్తాలి. తూనీగ అనేది అసలు పేరు కాదు. ఒక్కచోట కుదురుగా వాలదని చిన్నప్పుడు బాబాయ్ పెట్టాడు, అదే ఖాయమైపోయింది.

బాబాయ్‌ది రిపేరు షాపు. గోడ గడియారాలు, రేడియోలు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, ఏది తెచ్చినా విప్పుతాడు, బాగుచేస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, బాగైన వస్తువుని తీసుకుపోవడానికి ఎవరూ రారు. "రేపొస్తాం" అని వెళ్ళినవాళ్ళకి ఏడాదైనా ఆ రేపు రాదు. అరలన్నీ నిండిపోయి, కొత్త వస్తువు పెట్టడానికి జానెడు జాగా లేక, వచ్చినవాళ్ళని తిప్పి పంపలేక బాబాయ్ విసిగిపోయాడు. శనివారం షాపు తాళాలు ఇచ్చేసి, సోమవారం నుంచి ఒక పెద్ద షోరూములో చేరతానన్నాడు. అక్కడ ఏదీ బాగుచెయ్యరు. పాతది పారేసి కొత్తది బిగిస్తారు. ఆ మాట చెబుతూ బాబాయ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కాసేపు చూసి, మళ్ళీ జేబులోనే పెట్టుకోవడం తూనీగ కంటపడింది. వెబ్‌సైట్ ఆలోచన పుట్టింది అప్పుడే.

"శనివారం దాకా టైముంది కదా బాబాయ్! సైటులో నీ వస్తువుల ఫొటోలు పెడతాం. అందరికీ మెసేజ్ వెళ్తుంది, వచ్చి పట్టుకుపోతారు. కోడింగూ గీడింగూ ఏం అక్కర్లేదు, అంతా రెడీమేడ్‌గా దొరుకుతుంది. మనం రాయడం, బటన్ నొక్కడం, అంతే!"

"ఫోన్ చేస్తేనే ఎత్తరు. బటన్ నొక్కితే వస్తారుటే?"

"నొక్కనివ్వండీ, పోయేదేముంది?" అంది పిన్ని కౌంటరు తుడుస్తూ. "ఎలాగూ మూసేసే షాపే."

పది నిమిషాల్లో సైటు నిలబడింది. పైన షాపు పేరు, కింద ఫోన్ నంబరు, పక్కన 'మా గురించి' అనే పేజీ. ఆ పేజీలో "ఇక్కడ మీ గురించి రెండు ముక్కలు రాయండి" అని సైటువాళ్ళు పెట్టిన వాక్యం అలాగే ఉంది. తర్వాత రాద్దాంలే అనుకుంది తూనీగ. పిన్ని దగ్గరున్న నంబర్ల పుస్తకం మొత్తం ఎక్కించింది. "కొత్తగా ఏం పెట్టినా అందరికీ మెసేజ్ పంపాలా?" అని సైటు అడిగితే, అడగడం పూర్తికాకముందే "అవును" నొక్కింది.

ఇక్కడ బాబాయ్ అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి వస్తువుకీ దారంతో ఒక అట్టముక్క చీటీ కడతాడు. దాని మీద వస్తువు ఎవరిది, లోపమేమిటి, పాడవడానికి వాళ్ళు చెప్పిన కారణమేమిటి, విప్పాక తనకి కనబడిన కారణమేమిటి, అన్నీ రాసుకుంటాడు. అది తన కోసమే. వస్తువు ఇచ్చేటప్పుడు చీటీ తెంచి జేబులో వేసుకుంటాడు. తూనీగ నలభై మూడు వస్తువులకీ ఫొటోలు తీసి, చీటీల మీది రాతని కూడా ఫోనుతోనే అక్షరాలుగా మార్చి, ఫొటోల కింద అతికించింది. అన్నీ డ్రాఫ్టులే, అంటే మనకి తప్ప బయటివాళ్ళకి కనబడవు. సాయంత్రం తీరిగ్గా చదివి, నీట్‌గా తిరగరాద్దామని ఆమె ఉద్దేశం.

ఇప్పటికి "షాపుకి స్వాగతం" అనే ఒక్క పోస్టు బయటికి వదిలితే చాలు. దాని పక్కనున్న గడిలో టిక్కు పెట్టబోయి, హడావిడిలో పైగడిలో పెట్టింది. పైగడి అంటే 'అన్నీ'. 'పబ్లిష్' నొక్కి, బ్యాగు భుజాన వేసుకుంది.

పిన్ని ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఇక ఆగలేదు.

"'గోడ గడియారం, హెడ్మాస్టరు గారిది,'" అని పిన్ని కళ్ళజోడు సర్దుకుని చదివింది. "'పిల్లి పడేసిందన్నారు. అద్దం లోపల గడ్డం గీసుకునే సబ్బు ఉంది. పిల్లి గడ్డం గీసుకోదు.' ఇదెవరు రాశారండీ?"

బాబాయ్ చేతిలోని రేడియో మూత జారి కిందపడింది. "అది... అది నా చీటీ!"

"'ఇస్త్రీపెట్టె, పళ్ళ డాక్టరమ్మది. దానంతటదే ఆగిపోయిందన్నారు. ఆగలేదు, విసిరారు. రెండుసార్లు.'"

"చదవకు!"

"నేను మానేస్తే సరా? ఊరంతా చదువుతోంది."

"కంగారుపడకు బాబాయ్, ఒక్క నిమిషం!" అంటూ తూనీగ ఒక్కో పోస్టులో ఘాటైన ముక్క కొట్టేసి 'అప్‌డేట్' నొక్కసాగింది. ఏడోది నొక్కాక పిన్ని తలెత్తింది. "ఒసేయ్, 'మార్పులు చేశాం, మళ్ళీ చూడండి' అని వస్తోందే!" వెంటనే తూనీగ క్షమాపణ పోస్టు పెట్టింది: "ఆ చీటీలు మీరు చూడాల్సినవి కావు, దయచేసి చూడకండి." అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా అప్పుడు చూశారు. ఇక మొత్తం తీసేద్దామనుకునేసరికి సైటు మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. కంగారులో మూడుసార్లు తప్పు కొట్టింది. "మీ భద్రత కోసం ఇరవై నాలుగు గంటల తర్వాత ప్రయత్నించండి" అంది సైటు మర్యాదగా.

"అంటే?" అన్నాడు బాబాయ్.

"అంటే... రేపు పదింటిదాకా అవి అలాగే ఉంటాయి."

బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు. "శనివారం మూద్దామనుకున్నానే. రెండ్రోజులు ముందే మూయించావు." తిట్టినా బాగుండేది. మెల్లగా అన్నాడు. తూనీగ కాలేజీ సంగతి పూర్తిగా మర్చిపోయింది.

పదిన్నరకి హెడ్మాస్టరు గారు వచ్చారు. వెనకాలే ఆయన భార్య, ఆవిడ చంకలో పిల్లి.

"ఏమయ్యా, నలుగురిలో నా పరువు..."

"మీరు ఆగండి!" అంది ఆవిడ. "ఆర్నెల్ల నుంచి ఈ నోరులేనిదాన్ని వరండాలో పడుకోబెట్టాను, ఈయన మాట నమ్మి! అన్నయ్యగారూ, మీరు రాయబట్టి తెలిసింది. ఆ గడియారం ఇటివ్వండి. ఈయన మంచానికి ఎదురుగా తగిలిస్తాను."

హెడ్మాస్టరు గారు గడియారం మోసుకుంటూ గుమ్మం దిగారు. పిల్లి మాత్రం ఆయన్నే చూస్తూ ఉంది.

తర్వాత పళ్ళ డాక్టరమ్మ తెల్లకోటుతోనే దిగింది. "మూడుసార్లు," అంది గుమ్మంలోంచే. "రాస్తే సరిగ్గా రాయాలి కదండీ."

బాబాయ్ నసిగాడు. "రెండు మూలలే సొట్టపోయాయమ్మా..."

"మూడోసారి సోఫా మీద పడింది." ఆవిడ ఇస్త్రీపెట్టెని తిప్పి తిప్పి చూసింది. "కొత్తదానిలా చేశారే! ఇంత పనితనం పెట్టుకుని ఈ మూల కూర్చున్నారేంటి?"

పిన్ని బుర్ర అప్పుడు చురుగ్గా పనిచేసింది. "చీటీ తెంచి మీ చేతికే ఇస్తాం. వస్తువు పట్టుకెళ్ళేవాళ్ళకి మాత్రమే!" అని గుమ్మంలో నిలబడి కేకేసింది. ఒంటిగంటకి వీధి మలుపు దాకా వరస. కొందరు కోపంగా వచ్చారు, కొందరు సిగ్గుపడుతూ వచ్చారు, ఎక్కువమంది పక్కవాళ్ళ చీటీ చదువుదామని వచ్చారు. మూడింటికల్లా అరలు ఖాళీ. వాటి వెనక గోడకి ఆకుపచ్చ రంగు ఉందని బాబాయ్‌కి చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

అప్పుడొచ్చాడు ఒక ముక్కూమొహం తెలియని మనిషి, చేతిలో విరిగిన ఫ్యాను. "సార్, ఇదెలా పాడైందో మా ఇంట్లో ఒక్కడూ నిజం చెప్పట్లేదు. మీరు రాస్తారట కదా?" ఆయన వెనక ఇంకో నలుగురు, తలో వస్తువుతో. బాబాయ్ స్క్రూడ్రైవరు తీశాడు. ఈసారి మళ్ళీ జేబులో పెట్టలేదు. సాయంత్రం షోరూముకి ఫోన్ చేసి, "రావడం కుదరదండీ, చేతినిండా పనుంది" అన్నాడు.

మర్నాడు పదింటికి తూనీగ అన్నీ తీసేద్దామని పరుగున వచ్చింది.

"ముట్టుకోకు," అన్నాడు బాబాయ్. "డ్రాఫ్ట్ ఏదో, పబ్లిష్ ఏదో చూపించి నువ్వు కాలేజీకి పో. నేర్చుకుంటాను."

చూపించి వెళ్ళింది. క్లాసు మధ్యలో ఆమె ఫోను టింగుమంది. పక్కమ్మాయిదీ టింగుమంది. వెనక బెంచీ అంతా టింగుమంది, నిన్ననే క్లాసులో అందరూ ఆ సైటు మెసేజీలకి పేరిచ్చుకున్నారు మరి. 'మా గురించి' పేజీ నిండింది. కదిలిపోయిన తూనీగ ఫొటో, దాని కింద బాబాయ్ ఒంటివేలితో కొట్టిన చీటీ:

"తూనీగ. మా అన్నయ్య కూతురు. లోపం: చదవకుండా నొక్కడం. తను చెప్పిన కారణం: టైము లేదు. అసలు కారణం: బాబాయ్ షాపు మూసేస్తాడని భయం. బాగుచెయ్యక్కర్లేదు."

క్లాసంతా ఆమెకేసే చూస్తోంది. పాస్‌వర్డ్ ఇప్పుడు సరిగ్గానే గుర్తుంది, డిలీట్ బటన్ బొటనవేలి కిందే ఉంది, ఈసారి అక్షరం పొల్లుపోకుండా చదివింది కూడా. మీరైతే నొక్కుతారా?