కిటికీ పక్క బల్ల

ఆ రోజుకి ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. తత్వశాస్త్ర విభాగంలో కిటికీ పక్క బల్ల ముందు కూర్చోవాలి. సిద్ధాంత గ్రంథంలో ఆఖరిదైన ఏడో అధ్యాయం రాసేసి, అయిదింటికి ఆఫీసు మూసేలోగా మొత్తం కట్ట గుమాస్తా చేతిలో పెట్టాలి. గడువు ఆ రోజుతో సరి. ఒక్క నిమిషం దాటినా ఆమె నమోదు రద్దవుతుంది, రాసిన ఆరు అధ్యాయాలూ చిత్తు కాగితాలతో సమానమవుతాయి.

ఆరేళ్లుగా రాస్తోంది కాబట్టి విభాగంలో అందరూ ఆమెను ఆరేళ్లక్క అనేవారు. ఆ ఆరేళ్లలో ఆమెకంటూ ఒక బల్ల దొరకలేదు. మొదటి అధ్యాయం లైబ్రరీ మెట్ల మీద రాసింది, రెండోది పిల్లల బడి గేటు దగ్గర, మిగతా నాలుగూ ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద, అదీ ఇస్త్రీ లేని వేళల్లో. గ్రంథం విషయం మాత్రం పంపకంలో న్యాయం. ఒకటే వస్తువు ఉండి, కావలసినవాళ్లు పదిమంది ఉంటే ఎవరికి చెందాలన్నది. కిటికీ పక్క బల్ల ఒక ముసలి ప్రొఫెసరుగారిది. ఆయన నిన్ననే రిటైరయ్యారు. ఆయన ఎప్పుడు లేస్తారా అని ఆరేళ్లక్క నెల రోజులుగా కాచుకుని కూర్చుంది, లేదా నిలబడింది.

అనుకున్నట్టే ఎనిమిదింటికి వచ్చి కూర్చుంది. టైపు చేసిన ఆరు అధ్యాయాల కట్ట భుజాన సంచిలోనే ఉంచి, ఏడో అధ్యాయానికి రాసుకున్న నోట్సంతా సొరుగులో సర్దుకుంది. పెన్ను మూత తీసింది. సరిగ్గా అప్పుడే వచ్చాడు అయితే బాబు.

ఇతను పరిశోధనలో చేరి రెండేళ్లయింది. ఏ మాటనైనా 'అయితే'తోనే మొదలుపెడతాడని ఆ పేరు వచ్చింది. మనసులో ఈర్ష్య లేదు, కల్మషం లేదు. ఉంటే ఎంతో బాగుండేది, గట్టిగా కసిరి పంపించేయవచ్చు.

"అయితే అక్కా, ఆ బల్ల మీకిచ్చారా?"

"లేదు. ఖాళీగా ఉంటే కూర్చున్నాను."

"అయితే ఎవరు ముందొచ్చి కూర్చుంటే వాళ్లదేనంటారా?"

"నేనెక్కడన్నాను?"

"మీరనలేదు. అలా కుదరదని మీ మూడో అధ్యాయంలో నలభై పేజీలు రాశారు కదా. ఉత్తినే అడిగానక్కా."

ముందుగా వచ్చి ఆక్రమించుకున్నంత మాత్రాన హక్కు రాదని ఆ అధ్యాయంలో ఎదుటివాడికి ఊపిరాడకుండా నిరూపించింది ఆమే. మామూలు మనిషైతే 'నీ పని చూసుకో నాయనా' అని రాసుకుంటూ పోయేది. ఆమె చదివిన చదువు అలాంటిది కాదు. పెన్ను వైపు కాసేపు చూసి, మూత పెట్టి, లేచి నిలబడింది.

"సరే, నువ్వు కూర్చో."

"అయితే నాకు మాత్రం ఏం హక్కుంది?" అని అతనూ పక్కన నిలబడ్డాడు.

తొమ్మిదింటికి మేనేజరుగారు వచ్చారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాక స్వేచ్ఛ మీద పరిశోధనకు చేరిన మనిషి. ఇంట్లో దొరకని వస్తువు కనుక ఇక్కడ వెతుక్కుంటున్నాడని గిట్టనివాళ్లు అంటారు. ప్రొఫెసరుగారి ఖాళీ కుర్చీకి చెరో పక్కన ఇద్దరు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉండటం చూసి ఆయన కూడా తల వంచుకుని రెండు నిమిషాలు మౌనం పాటించారు.

"నిన్న సన్మానంలో కూడా ఎంత చక్కగా నవ్వారండీ, పాపం" అన్నారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ప్రొఫెసరుగారు బతికే ఉన్నారని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. బల్ల సంగతి చెప్పడానికి గంట పట్టింది. అంతా విన్నాక మేనేజరుగారు తన నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"అవసరాన్ని బట్టి ఇవ్వాలంటే ఈ బల్ల నాకే రావాలి. డాక్టరు చీటీ ఉంది. కానీ నా గురించి నేనే చెప్పుకోకూడదు, ఆ మాట మీరనాలి."

ఎవరూ అనలేదు.

"అయితే చీటీలు వేద్దాం" అన్నాడు అయితే బాబు.

"చీటీలు వేయాలని ఎవరు తేల్చారు?" అన్నారు మేనేజరుగారు.

"అయితే ఓటు పెట్టి తేల్చుకుందాం."

"ఓటు ఎవరెవరికి? వచ్చే ఏడాది చేరబోయే పిల్లలకి ఈ బల్లలో వాటా లేదా? వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?" అంది ఆరేళ్లక్క.

ఇంకా దరఖాస్తు కూడా పెట్టని ఆ పిల్లల మీద ముగ్గురికీ జాలి వేసింది. అందులోనే పది దాటింది.

గది ఊడవడానికి చీపురుతో వచ్చిన అటెండరు బాబాయ్ గుమ్మంలో నిలబడి వీళ్ల వంక గుడ్లప్పగించి చూశాడు. "ఎవరో ఒకళ్లు కూర్చోండమ్మా. లేదా వంతులేసుకోండి, పొద్దున ఒకళ్లు, మధ్యాహ్నం ఒకళ్లు."

"బాగానే ఉంది బాబాయ్, కానీ దానికి పునాది ఏమిటి?" అన్నారు మేనేజరుగారు.

"పునాది ఎందుకు సార్, నాలుగు కాళ్లున్నాయిగా."

ఈ వాదం లోతుగా పరిశీలించదగ్గదని ముగ్గురూ ఒప్పుకున్నారు. పరిశీలన పదకొండు వరకూ సాగింది. అప్పుడు ఆరేళ్లక్కకు మార్గదర్శి అయిన గైడుగారు వచ్చారు. ఈయన ముప్పై ఏళ్లుగా న్యాయం గురించి పాఠం చెబుతున్నారు. విద్యార్థులు న్యాయం కోసం నిలబడటం ఇదే మొదటిసారి చూడటం. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎవరూ కూర్చోవద్దు. దీన్ని పద్ధతిగా చర్చిద్దాం. అమ్మా, నువ్వు కూర్చుని లేచావు, అంటే ఇందులో నువ్వో పక్షం. నువ్వు మాట్లాడకూడదు. ఎవరేమన్నారో రాస్తూ ఉండు."

"సార్, నా ఏడో అధ్యాయం..."

"సాయంత్రం చూద్దాంలే. ముందు ఇది రాయి."

ఆ సాయంత్రం గ్రంథం మీద పడవలసింది ఆయన సంతకమే. కనుక ఆరేళ్లక్క నోటుపుస్తకాన్ని గోడకి ఆనించి, నిలబడి రాయడం మొదలుపెట్టింది. లోపల ఒళ్లు మండిపోతోంది. అయితే బాబు మీద కోపం, గైడుగారి మీద కోపం, అన్నిటికీ మించి తన మూడో అధ్యాయం మీద కోపం. అది కాస్త పలచగా రాసి ఉంటే ఈపాటికి కూర్చుని ఉండేది. భోజనాల వేళ దాటింది. ఖాళీ బల్ల మీద ఎండ ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిగింది.

రెండింటికి బాబాయ్‌కి తల ప్రాణం తోకకి వచ్చింది. పాపం మంచి చేద్దామనే ఆస్తుల విభాగానికి వెళ్లాడు. ఇంకో బల్ల ఇప్పించమని అడిగాడు. ఉన్న బల్లకేమయిందని అక్కడి అధికారి అడిగాడు. "దాని మీద గొడవండి" అన్నాడు బాబాయ్. అధికారి కలం పక్కన పెట్టి నియమావళి తీశాడు. తగాదాలో ఉన్న ఆస్తికి విచారణ పూర్తయ్యేదాకా సీలు వేయాలని అందులో ఉంది.

మూడింటికి ఇద్దరు మనుషులు తెల్లగుడ్డ, లక్క, కొవ్వొత్తి పట్టుకుని వచ్చారు.

"ఈ అధికారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?" అని మేనేజరుగారు ఎంతో ఆసక్తిగా అడిగారు.

"కాస్త జరగండి సార్, లక్క మీద పడుద్ది" అన్నాడు ఒకడు.

బల్లకి గుడ్డ చుట్టారు. సొరుగు మీద ముద్ర వేశారు. ఆరేళ్లక్క గోడ వదిలి పరుగున వచ్చింది.

"నా నోట్సు అందులో ఉందండీ. ఇవాళే ఆఖరు."

"విచారణ అయ్యాక ఇస్తారమ్మా."

"ఎప్పుడవుతుంది?"

"చెప్పలేం. పోయినసారి సీలు వేసిన బీరువా తొమ్మిదేళ్ల నుంచి అలాగే ఉంది."

"చాలా మంచి మలుపు" అన్నారు గైడుగారు. "రాసుకున్నావా అమ్మా?"

ఆమె అది కూడా రాసుకుంది. తర్వాత వరండాలోకి వెళ్లి, స్తంభం చాటున నిలబడి ఏడ్చింది. పిల్లల జ్వరాల మధ్య, ఇస్త్రీ బట్టల మధ్య దొంగిలించుకున్న ఆరేళ్లు ఒక లక్క ముద్ద కింద పడి ఉన్నాయి. ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్న అత్తగారికి ఫోను చేసింది.

"అత్తయ్యా, ఇంక అవదు. ఏడో అధ్యాయం లేదు."

"ఏమయింది?"

"నోట్సు సొరుగులో ఉండిపోయింది. సీలు వేసేశారు."

"దేని గురించే ఆ ఏడోది?"

"నిజం మనుషులు నిజంగా ఒక వస్తువుని ఎలా పంచుకుంటారన్నది. ఇరవై పేజీలకి తగ్గకూడదు."

"మరి పొద్దుటినుంచీ ఏం చేస్తున్నావు?"

"మావాళ్లు ఒక బల్లని ఎలా పంచుకోవాలా అని కొట్టుకుంటుంటే, ఎవరేమన్నారో రాస్తున్నాను."

"ఎన్ని పేజీలు?"

"ముప్పై నాలుగు."

"నేను పిల్లలకి అన్నం పెట్టాలి, ఉంటానమ్మా" అని అత్తగారు ఫోను పెట్టేసింది.

నాలుగున్నరకి ఆ ముప్పై నాలుగు పేజీల మీద 'ఏడో అధ్యాయం: ఆచరణ' అని రాసి ఆరేళ్లక్క గైడుగారి ముందు పెట్టింది. ఆయన నిలబడే తిరగేశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"మార్గదర్శి నాలుగు గంటలు మాట్లాడి ఏమీ తేల్చలేదని రాశావేమిటి?"

"తేల్చారా సార్?"

ఆయన సంతకం పెట్టారు.

అయిదుకి ఆరు నిమిషాలుండగా ఆఫీసు గుమాస్తా కట్ట విప్పి అధ్యాయాలు లెక్కపెట్టాడు. ఏడోది చూసి ఆగాడు. "ఇది చేత్తో రాసుంది."

"టైపు చేయాలని నియమం ఉందాండీ?"

గుమాస్తా నియమావళి మొదటి నుంచి చివరిదాకా వెతికాడు. లేదు. చేత్తో రాసి ఇచ్చేవాళ్లు ఉంటారని ఆ నియమాలు రాసినవాళ్లు ఊహించలేదు. ఒక నిట్టూర్పు విడిచి ముద్ర కొట్టాడు. ఆ చప్పుడు విని ఆరేళ్లక్కకి అక్కడే కింద చతికిలబడాలనిపించింది. చతికిలబడింది కూడా.

నాలుగు నెలలకి పరీక్షకుల నివేదికలు వచ్చాయి. ఆరు అధ్యాయాలూ పటిష్ఠంగా ఉన్నాయన్నారు. ఏడోదాని మీద మాత్రం ముగ్గురూ ఒకే అభ్యంతరం తెలిపారు. అందులోని పాత్రలు మరీ కల్పితంగా ఉన్నాయి, ఇంత చదువుకున్నవాళ్లు ఒక బల్ల కోసం రోజంతా నిలబడటం నమ్మశక్యంగా లేదు, అభ్యర్థి మౌఖిక పరీక్షలో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆరేళ్లక్క రాత్రంతా సంజాయిషీ బట్టీ పట్టి మౌఖిక పరీక్షకి వెళ్లింది. పరీక్షకులు ముగ్గురూ తత్వశాస్త్రంలో పేరు మోసినవాళ్లే. ఆఫీసువాళ్లు పొరపాటున గదిలో రెండు కుర్చీలే వేశారు.

మూడు గంటల తర్వాత, ముగ్గురూ నిలబడే, ఆమెకు పట్టా ఇవ్వవచ్చని సిఫారసు చేశారు.