డాబా మీద పెళ్ళి డిస్కులు

మా రాజాంలో నన్ను సాఫ్ట్‌వేర్ జగన్నాధం అంటారు. నేను నడిపేది ఎరువుల కొట్టు. వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా ముందు నా చేతికిస్తారు, ఆ తర్వాత బాగుచేసేవాడి దగ్గరికి పట్టుకెళ్తారు.

ఇంట్లో మా పెళ్ళి డీవీడీలున్నాయి. వాటిలో మా మావ వేంకటాచలం సన్నాయి ఉంది. నెల్లిమర్లలో గుడి సన్నాయి ఆయనదే. కూతురి పెళ్ళికి ఇంకొకడు వాయించడమేమిటని, కన్యాదానం చేసిన చేతుల్తోనే సన్నాయి అందుకున్నాడు. ఆయన పోయాక ఆ పాట మిగిలింది ఆ డిస్కుల్లోనే. అది పోతే మా ఆవిడ తాయారు నన్ను బతకనివ్వదు, నాకూ బతకాలనిపించదు.

"కాలేజీ రోడ్డులో స్టూడియో ఉన్నాది బావా. ఇచ్చేస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేస్తారు," అంది తాయారు.

"ఇంట్లో నేనుండగా స్టూడియో ఏటే?"

"నువ్వున్నావనే సెప్తన్నాను."

ఆ మాట వినిపించుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ ఎంపిక పెళ్ళిచూపుల్లా సాగింది. ఒకటి గుమ్మంలోనే కార్డు నంబరడిగింది. ఇంకొకటి చైనా భాషలో పలకరించింది. మూడోదాని నుదుట ఉచితం అని ఇంత లావున రాసుంది. ఇంకేమీ చదవకుండా దానికే తాళి కట్టేశాను.

డిస్కు పెట్టానో లేదో, అయిపోయిందంది. టీ మరిగేలోపు పెళ్ళంతా కంప్యూటర్‌లోకి వచ్చేసింది.

"అప్పుడే అయిపోనాదా?" అంది తాయారు.

"సాఫ్ట్‌వేర్ అంటే అదే మరి."

"పప్పు అంత బేగి ఉడికితే నేను మూత తీసి సూస్తాను బావా."

"ఇది పప్పు కాదే!"

తర్వాత కొన్నాళ్ళకి తాయారు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టింది. కాకులు ఎగబడ్డాయి. మావైపు చేలల్లో పిట్టల్ని తోలడానికి మెరిసే డిస్కులు కడతారు. కాపీ ఉండగా ఇక డిస్కులెందుకని, 'పెళ్ళి' అని రాసున్న పెట్టెలన్నీ ఖాళీచేసి పురికొసకి గుచ్చి వేలాడదీశాను. డిస్కుల మీద ఏం రాసుందో చూసే తీరిక నాకు లేదు.

"ఈ పని మాత్రం బాగా సేసావు," అని తాయారు నవ్వింది. ఆ నవ్వుని అప్పుడే అనుమానించాల్సింది.

ఆ మర్నాడు నెల్లిమర్ల నుంచి అత్త వచ్చింది.

"ఒరే జగ్గా, మీ మావ సన్నాయి ఓసారి ఎట్రా. ఇనాలనున్నాది."

కంప్యూటర్‌ని టీవీకి తగిలించాను. మావ కూర్చున్నాడు. సన్నాయి పెదాలకి ఆనించాడు. బుగ్గలు పొంగాయి. అంతే, బొమ్మ ఆగిపోయి 'మిగతాది కావాలంటే కొనండి' అని అడ్డంగా పడింది.

"కొనడమేట్రా? మీ మావని అమ్మకానికెట్టావా?" అంది అత్త.

మిగతా కాపీలు తెరిచాను. అన్నీ అంతే. ఒక్క పరుగున డాబా ఎక్కాను. గాలికి డిస్కులు ఒకదాన్నొకటి గీసుకుంటూ ఎండలో మాడుతున్నాయి. మావని నా చేత్తో నేనే ఎండగట్టేశానని ఏడుపొచ్చి అక్కడే చతికిలబడ్డాను.

కాసేపటికి తాయారు పైకొచ్చింది.

"నన్ను సంపెయ్యవే," అన్నాను.

"ముందు వడియాల మీంచి లెగు."

ఇంతలో కింద నుంచి సన్నాయి వినిపించింది. ఆగకుండా, పూర్తిగా. పరుగున దిగి చూస్తే టీవీలో మావ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. టీవీ పక్కన పెన్‌డ్రైవ్ గుచ్చుంది, రిమోట్ అత్త చేతిలో ఉంది.

"టీ మరిగేలోపు పెళ్ళయిపోనాదంటే నమ్మీడానికి నేనేటి ఎర్రిదాన్నా?" అంది తాయారు. "ఆ మర్నాడే స్టూడియోకిచ్చేసాను. డిస్కులు నా బీరువాలో ఉన్నాయి."

"మరి పెట్టెల్లోవి?"

"ఖాళీగా కనిపిస్తే గోల సేస్తావని నీ సినిమా డిస్కులెట్టాను."

నా సినిమాలు! పెళ్ళికి ముందు నుంచీ పోగుచేసి, ఎవర్నీ ముట్టుకోనివ్వనివి. ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి. కానీ అత్త కొంగుతో కళ్ళొత్తుకుంటూ వింటోంది. మావ పాట దక్కింది, నేను బతికిపోయాను. గుండె తేలికైపోయింది.

"అయితే నా సినిమాలు దింపేసుకోనా?" అన్నాను నెమ్మదిగా.

"వడియాలు ఎండనీ బావా," అంది తాయారు. "నీ సాఫ్ట్‌వేర్‌కి కాకులైనా బయపడతన్నాయి."