మిషను తల కోసం

పదింటికి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు, పదిన్నరకల్లా బయటపడాలి. పొద్దున్నే చంటిదానికి పాలు పడుతూ ఆమె వేసుకున్న పథకం ఇంతే.

భర్తతో విడిపోయి నాలుగు నెలలైంది. ఆ ఇంట్లో వదిలేసి వచ్చినవాటిలో ఆమె ప్రాణమంతా కుట్టు మిషను మీదే ఉంది. తలదాచుకున్న అన్నయ్య ఇంట్లో వదిన ఆ వారమే తేల్చి చెప్పింది. "మిషను తెచ్చుకుని నీ కాళ్ళమీద నువ్వు నిలబడతానంటే వరండా నీదే. ఊరికే కూర్చుంటానంటే మాత్రం నా వల్ల కాదమ్మా. ఆదివారం దాకా చూస్తా." మిషను గురించి ఫోన్ చేసినప్పుడల్లా భర్త "చూద్దాం" అనేవాడు. ఆయన చూద్దామన్నదాన్ని ఇంతవరకూ ఎవరూ కళ్ళతో చూసి ఎరగరు.

అదృష్టం కొద్దీ తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే ఉండిపోయింది. మిషను తల విప్పి ఒక పెట్టెలో, తన బట్టలు ఇంకో పెట్టెలో సర్దుకుని, ఇనుప స్టాండును ఆయన మొహాన వదిలేసి వచ్చేయాలి. రెండు చేతుల్లో రెండు ఖాళీ పెట్టెలు, చంకలో జారిపోతున్న చంటిది. అలాగే గేటు దగ్గరికి వచ్చింది.

"సామాను బయటికి తీసుకెళ్ళాలంటే మీవారి సంతకం కావాలమ్మా" అన్నాడు కాపలా తాత, పెట్టెలు చూడగానే.

భయపడ్డ నోటికి అబద్ధం ఇట్టే దొరుకుతుంది.

"బయటికి కాదు తాతా, లోపలికి. వచ్చేశాను."

"వచ్చేశావా తల్లీ!" తాత ముఖం చాటంత అయింది. ఒక పెట్టె లాక్కుని మెట్లెక్కాడు. "ఇదేంటి, దూదిలా ఉంది?"

"వేసవి బట్టలు తాతా."

తాత కంటే ముందే తాత గొంతు పైకి చేరింది. ఎదురింటావిడ తలుపు బార్లా తెరుచుకుంది. "నాకు తెలుసమ్మా నువ్వొస్తావని! మొగుడూ పెళ్ళాం అన్నాక మాటా మాటా అనుకోరూ? రా, పెట్టెలు సర్దిపెడతాను."

"వద్దండీ, తర్వాత!" అంటూ ఆమె గబుక్కున ఒక పెట్టె మీద కూర్చుంది. అది లోపలికి సొట్టపోయింది.

తాత గేటు దగ్గరికి, ఎదురింటావిడ చంటిదానికి పాలు తేవడానికి వెళ్ళాక గాని ఆమె లేవలేదు. తాళం తీసి లోపలికి వెళ్తే, మిషను మీద ఆయనగారి తడి తువ్వాళ్ళు రెండున్నాయి. చక్రానికి ఆయన నడుం బెల్టు ఒకటి వేలాడుతోంది. తువ్వాళ్ళు అవతల పారేసి, ఒక మర విప్పి, రెండోదానికి చెయ్యి వేసేసరికి ఎదురింటావిడ పాలతో సహా ప్రత్యక్షమైంది.

"అయ్యో, అదెందుకు విప్పుతున్నావ్?"

"పాడైందండీ. రిపేరుకి బయటికి పంపుదామని..."

"బయటికెందుకు? మా తమ్ముడున్నాడుగా!"

తమ్ముడు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. పది నిమిషాల్లో సంచీతో దిగాడు. "మోటారైనా మిషనైనా తిరిగేదే కదక్కా. ఏంటి దీని రోగం?"

"కుట్టు... కొంచెం వదులుగా పడుతోంది."

చక్రం తిప్పి చూశాడు. నిక్షేపంలా తిరిగింది. నిక్షేపంలా ఉన్నదాన్ని బాగుచేయడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. కానీ తమ్ముడు పట్టుదల మనిషి. ఆమె "వద్దు బాబూ, పర్వాలేదు" అంటున్నకొద్దీ రెచ్చిపోయి, అరగంటలో మిషనును నలభై ముక్కలు చేసి పాత పేపరు మీద పరిచాడు. చంటిది దారం చుట్టే బాబిను నోట్లో పెట్టుకుంది. ఆమె వేలు పెట్టి దాన్ని బయటికి లాగింది. ఏడుద్దామంటే తీరికేదీ?

"ఇంకో మాట చెప్పనా?" అంది ఎదురింటావిడ. "మీ ఆయనకి ఫోన్ చేసేశా. పెట్టెలతో సహా వచ్చేసిందని చెప్పా. సంతోషంతో నోట మాటే రాలేదు పాపం. పని వదిలేసి వస్తున్నాడు."

వచ్చాడు. గుమ్మంలో రొప్పుతూ ఆగాడు. చంటిది చేతులు చాచింది. ఆయన ముందు పెట్టెలు చూశాడు, తర్వాత చంటిదాన్ని చూశాడు.

"రెండు పెట్టెలా?" అన్నాడు నీరసంగా.

నాలుగు నెలల తర్వాత ఎదురుపడి ఆయన అన్న మొదటి మాట అది. ఆమెను గదిలోకి రమ్మని సైగ చేసి తలుపు వేశాడు. బయట అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు.

"చూడు, ఇప్పుడిప్పుడే నాకు కంటినిండా నిద్ర పడుతోంది" అన్నాడు లోపల. "నువ్వుంటే నేనుండను."

"నేను మిషను కోసం..."

"మిషనూ వద్దు, వాదనా వద్దు. ఆ కుట్టు చప్పుడు, ఆ పిల్ల ఏడుపు మళ్ళీ నా వల్ల కాదు. ఏడాది చివరిదాకా అద్దె కట్టేసే ఉంది. నువ్వే ఏలుకో. నేను మా అమ్మ దగ్గరికి పోతా."

ఆమె నోరు తెరిచింది. నిజం చెబితే దక్కేది నలభై ముక్కలు, అవీ గేటు దాటితేనే. చెప్పకపోతే రెండు గదులు, తలుపుకు లోపలి గడియ, వదిన లేని వంటిల్లు. నాలుగేళ్ళ కాపురంలో ప్రేమతో ఒక జేబురుమాలైనా కొనివ్వని మనిషి ఇప్పుడు ఆమె పొడ గిట్టక ఇల్లే ఇచ్చేస్తున్నాడు. వేపాకు నమిలినట్టుంది నోరంతా. అయినా మింగి, నోరు మూసుకుంది.

ఆయన దుప్పట్లో బట్టలు మూటగట్టుకుని, చంటిదాన్ని దాటుకుంటూ, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

ఎదురింటావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అదేంటమ్మా, మూట పట్టుకుని ఎక్కడికి మీ ఆయన?"

ఆమె పేపరు ముందు చతికిలబడి, నలభై ముక్కల్లో మొదటిదాన్ని చేతిలోకి తీసుకుంది.

"పుట్టింటికండీ. వద్దంటే వింటేనా?"