రామకోటేశ్వరరావు గారి అంతర్జాతీయ వీడ్కోలు

వయసు మళ్ళిన ఫుట్‌బాల్ స్టార్లు అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పడం ఈ శతాబ్దంలో మానవజాతికి జరిగిన మేళ్ళలో మొదటిది. రెండోది ఏమిటని నన్నడక్కండి, ఇంకా ఆలోచించలేదు.

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను.

విదేశాల్లో ఒక స్టార్ ఉంటాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వస్తాయి, మోకాలు మొరాయిస్తుంది. ఒకరోజు మైకు ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఇక దేశం తరఫున ఆడను, కుర్రవాళ్ళకు అవకాశం ఇవ్వాలి" అంటాడు. దేశం దేశమంతా ముక్కు చీదుతుంది. మర్నాడు పొద్దున్నే ఆయన క్లబ్బు ప్రాక్టీసుకు వెళ్ళిపోతాడు. ఎనిమిది నెలలకు, దేశం మళ్ళీ పిలిచిందని తిరిగొస్తాడు. దేశం ఏ నంబరు నుంచి పిలిచిందో ఎవరికీ తెలియదు. ఇంకో రెండేళ్ళకు మళ్ళీ మైకు, మళ్ళీ కన్నీళ్ళు.

ఎంత కలిసొచ్చిందో చూడండి! ఒకే మనిషి, ఒకే మోకాలు, రెండు వీడ్కోళ్ళు. మామూలు గుమాస్తాకి ఇంత అదృష్టం ఉందా? ఒక దండ వేసి, చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, ఆటో ఎక్కించేస్తారు. మర్నాడు ఆఫీసుకొస్తే వాచ్‌మన్ కూడా గేటు తియ్యడు.

మరి ఈ సౌభాగ్యం విదేశాలకే ఎందుకుండాలి? మన కృష్ణా తీరం ఏం పాపం చేసింది?

ఏ పాపమూ చెయ్యలేదని మొన్న రుజువైంది. మాది ఇబ్రహీంపట్నం. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఫెర్రీ ఎలెవన్ అని ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. దానికి నేను గౌరవ కార్యదర్శిని. గౌరవం ఎవరూ ఇవ్వరు, నేనే పేరు ముందు రాసుకుంటాను. మ్యాచ్ రోజున ఆటగాళ్ళ పేర్లు కాగితం మీద రాసి రిఫరీ చేతికివ్వడం నా పని. ఆ కాగితంలో తొమ్మిదో నంబరు దగ్గర ముప్పై ఏళ్ళుగా ఒకటే పేరు: రామకోటేశ్వరరావు గారు. ఎరువుల వ్యాపారం, యాభై ఒక్కేళ్ళు, సెంటర్ ఫార్వర్డ్. జెర్సీలు కుట్టించేది ఆయనే, వ్యాను పెట్టేది ఆయనే, ఆట అయ్యాక బిర్యానీ తెప్పించేది కూడా ఆయనే. బంతి తన దగ్గరికి వస్తే తప్ప ఆయన బంతి దగ్గరికి పోరు. అనుభవం అంటే అదీ!

అలాంటి రామకోటేశ్వరరావు గారు నవంబరులో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి, అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కి వీడ్కోలు ప్రకటించారు.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది, ఈయన అంతర్జాతీయం ఎప్పుడాడాడు అని గిట్టనివాళ్ళు గొణిగారు. చరిత్ర తెలియని మనుషులు! ఇరవై ఏడేళ్ళ క్రితం మా ఊరి ఫ్యాక్టరీలో ఏదో మిషను బిగించడానికి ఇద్దరు విదేశీ ఇంజనీర్లు వచ్చారు. ఒక ఆదివారం వాళ్ళిద్దరూ, తొమ్మిది మంది క్యాంటీన్ వాళ్ళూ ఒకవైపు, మన ఫెర్రీ ఎలెవన్ ఒకవైపు ఆడారు. రెండు దేశాల మనుషులు ఒకే బంతిని తన్నితే అది అంతర్జాతీయం కాక మండల స్థాయి అవుతుందా? ఆ మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్. వేసింది రామకోటేశ్వరరావు గారు.

ఆ గోల్ తిన్న గోల్‌కీపర్ సొలొమోను ఇప్పటికీ ఉన్నాడు. క్యాంటీన్ మానేసి, గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తుంటాడు. చారిత్రక సాక్ష్యం కోసం అతన్నే అడిగాను.

"మ్యాచ్ ఏందండీ, ఆదివారం పూట టైంపాసు. నా చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుందామని వంగానండి. ఆయనగారు అప్పుడే తన్నారు. తెల్లాయన చప్పట్లు కొట్టాడు. ఆ లెక్కన నేను కూడా అంతర్జాతీయ గోల్‌కీపర్నే గదండీ? నన్నెవురూ రిటైర్ చెయ్యలా!"

పాపం, సొలొమోనుకి అసూయ.

ప్రెస్‌మీట్లో రామకోటేశ్వరరావు గారు రెండుసార్లు గొంతు పూడుకుపోయి ఆగారు. "నేను ఒకళ్ళకి అడ్డంగా ఉండకూడదండీ. యూత్‌కి చాన్స్ ఇవ్వాల" అన్నారు. ఒక విలేకరి, కొత్తవాడు, లోకజ్ఞానం లేనివాడు, లేచి అడిగాడు: "మరి ఫెర్రీ ఎలెవన్‌కి కూడా రిటైర్మెంటేనా సార్?"

"ఫెర్రీ ఎలెవన్ నా ఊపిరి. ఊపిరికి రిటైర్మెంట్ ఉంటదా బాబూ?"

చూశారా త్యాగం! చేతిలో లేనిదంతా వదిలేశారు. ఉన్నది మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

మర్నాటికి బెంజ్ సర్కిల్ నుంచి ఇబ్రహీంపట్నం రింగ్ దాకా ఫ్లెక్సీలు లేచాయి. ఒక్కోదాంట్లో ఆయన గాల్లో అడ్డంగా ఎగిరి బంతిని తన్నుతున్నారు. మెడ పైన ఆయన, మెడ కింద ఎవరో విదేశీ కుర్రాడు. యువతకు అవకాశం ఇవ్వడం అంటే మరి ఇదే కదా! ఫ్లెక్సీ ప్రింటర్లు బతికారు, శాలువాల కొట్లు బతికాయి, గజమాల కట్టేవాళ్ళు బతికారు. ఒక మనిషి ఆడినన్నాళ్ళూ ఇంతమందికి పని దొరికిందా? మానేస్తున్నానంటేనే దొరికింది.

ఇక్కడ మీకు కరిముల్లా గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్ళవాడు. పగలు ఏసీలు రిపేరు చేస్తాడు, సాయంత్రం బంతితో ఉంటాడు. మా ప్రాక్టీసులో అతన్ని ఆపగలిగినవాడు లేడు, అతను అలిసిపోయి ఆగాల్సిందే. ఆడేది సెంటర్ ఫార్వర్డ్. అంటే మూడేళ్ళుగా బెంచీ మీద కూర్చునేది. నంబరు పదహారు.

బెంచీని తక్కువ చేసి చూడకండి. బెంచీ మీద కూర్చున్నవాడికి కాలు విరిగిందని ఎక్కడైనా విన్నారా? ఎల్లో కార్డు చూశాడా? గోల్ మిస్ చేశాడని నలుగురి చేత తిట్లు తిన్నాడా? పైగా షూ అరగదు, బట్టలు మాయవు. ఈ మాటే కరిముల్లా వాళ్ళమ్మ నజీమాతో అన్నాను. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. మా జట్టు జెర్సీలకు నంబర్లు కుట్టింది కూడా ఆవిడే.

"నిజమేనండీ" అంది నజీమా, మిషను ఆపకుండానే. "చొక్కా ఉతికే పనే పడలా మూడేళ్ళ నుంచీ. ఒక్కసారన్నా మట్టి చేసుకొస్తాడా, ఉతుకుదామా అని చూస్తన్నా."

తల్లులకు బెంచీ విలువ తెలియదు.

డిసెంబరులో మైలవరంలో టోర్నమెంట్ ఫైనల్. రాష్ట్ర జట్టుకు ఇరవై మూడేళ్ళలోపు వాళ్ళను ఎంపిక చెయ్యడానికి ఇద్దరు సెలెక్టర్లు వస్తున్నారని కబురు. కరిముల్లాకి జనవరిలో ఇరవై మూడు నిండుతాయి. అంటే ఈ మ్యాచ్ కాకపోతే ఇంక ఏ మ్యాచూ లేదు. అతను నన్నేమీ అడగలేదు. మ్యాచ్‌కి వారం ముందు నుంచి రోజూ మా ఇంటి ముందు నుంచి వెళుతూ నమస్కారం పెట్టేవాడు, అంతే. ఆ నమస్కారం తట్టుకోలేక నేనే వెళ్ళి రామకోటేశ్వరరావు గారితో మాట్లాడాను.

ఆయన మహానుభావుడు. వెంటనే ఒప్పుకున్నారు. మొదటి సగం తను ఆడతారు. హాఫ్‌టైంలో అంతర్జాతీయ వీడ్కోలు సన్మానం. రెండో సగం మొత్తం కరిముల్లాది! నేను కాగితం మీద నా చేత్తో రాశాను: నలభై ఆరో నిమిషం, తొమ్మిది బయటికి, పదహారు లోపలికి.

సన్మానం హాఫ్‌టైంలో పెట్టాలన్న ఆలోచన ఎవరిదంటారా? నాదే. మ్యాచ్‌కి ముందు సభ పెడితే జనం రారు. మ్యాచ్ అయ్యాక పెడితే జనం ఉండరు. జనం ఉండి కూడా పారిపోవడానికి వీల్లేని సమయం హాఫ్‌టైం ఒక్కటే. ఇంత తెలివి నాకున్నందుకు అప్పుడు నేను చాలా సంతోషించాను.

నాలుగు గంటలకు ఆట మొదలైంది. నాలుగూ నలభై ఐదుకు, రెండు జట్లకూ ఒక్క గోల్ కూడా లేకుండా, మొదటి సగం అయింది. వెంటనే ట్రాక్టరు ట్రక్కును సరిగ్గా మైదానం మధ్య గీత మీదికి తెచ్చి ఆపారు. అదే వేదిక.

"గీత పోయిందండీ" అన్నాడు సొలొమోను. ఎవరూ పట్టించుకోలేదు.

వేదికను అలంకరించవలసిందిగా ఒక్కొక్కరినీ పేరు పేరునా పిలిచాం. ఒకరిని పిలిచి ఇంకొకరిని పిలవకపోతే జన్మజన్మల వైరం. పిలిచినవాళ్ళు ఊరికే ఎక్కరు కదా, రెండుసార్లు వద్దంటారు, మూడోసారి ఎక్కుతారు. సెలెక్టర్లిద్దరినీ కూడా ఎక్కించి ముందు వరసలో కూర్చోబెట్టాం. అతిథుల్ని కింద నిలబెడతామా? తర్వాత శాలువాలు. మొత్తం పదకొండు, సెలెక్టర్లకు వేరే రెండు. ఎదుటి జట్టు కెప్టెన్ చేత కూడా ఒకటి కప్పించాం, లేకపోతే నొచ్చుకుంటాడు. ఆ తర్వాత ఉపన్యాసాలు. అందరూ ఒకటే మాట చెప్పారు: యువతకు అవకాశం. నేను కూడా రెండు ముక్కలు మాట్లాడి దిగిపోయాను. చివర్లో రామకోటేశ్వరరావు గారు, శాలువాల మధ్య ముఖం మాత్రం కనిపిస్తుండగా, బదులు పలికారు. ఏడ్చారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ పలికారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కరిముల్లా పక్క గీత వెంబడి పరిగెడుతూనే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడకూడదని. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. మా జట్టు సీజన్ మొత్తం పరిగెత్తినా అంత దూరం ఉండదు. సెలెక్టర్లు చూడలేదా అంటే, పాపం ఎలా చూస్తారండీ? వాళ్ళు జనం వైపు తిరిగి కూర్చున్నారు. అతను వాళ్ళ వీపుల వెనక ఉన్నాడు.

వందన సమర్పణ అయ్యేసరికి ఆరు దాటింది. డిసెంబరు ఎండ ఎవరి కోసమూ ఆగదు కదా! రిఫరీ బంతిని మధ్యలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చి వెతుక్కున్నాడు. "నాకు బంతి కనపడట్లేదండీ. కనపడని దానికి నేను విజిల్ వెయ్యను" అని తేల్చేశాడు. ఆ గ్రౌండుకి లైట్లు లేవు. కప్పు రెండు జట్లకూ ఉమ్మడి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సెలెక్టర్లు కారెక్కుతుంటే నేను కరిముల్లాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. వాళ్ళు మంచివాళ్ళు. అతని భుజం తట్టి, "కుర్రాడు చురుగ్గా ఉన్నాడండీ. వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం" అన్నారు.

వచ్చే ఏడాది!

నిన్ననే వాట్సాప్‌లో కబురొచ్చింది. అభిమానుల ఒత్తిడి మేరకు రామకోటేశ్వరరావు గారు తమ అంతర్జాతీయ వీడ్కోలును పునరాలోచిస్తున్నారట. ఏప్రిల్‌లో పునరాగమన సన్మానం. నన్ను మాట్లాడమన్నారు. అంతర్జాతీయ ఉపన్యాసాలకు నేను రిటైర్మెంట్ ప్రకటించానని, లోకల్‌గా ఐతే మాట్లాడతానని జవాబు పెట్టాను.

ఆ జవాబు పెట్టి ఫోన్ పక్కన పడేస్తున్నప్పుడే కరిముల్లా వచ్చాడు. ఒక చేతిలో ఫారం, ఇంకో చేతిలో క్యారీ బ్యాగు. ఒక కంపెనీలో ఏసీ మెకానిక్కుల్ని తీసుకుంటున్నారట, క్రీడాకారులైతే ముందు చూస్తారట. ఫారం మీద క్లబ్బు కార్యదర్శి సంతకం కావాలి. పేరు, జట్టు, నంబరు గబగబా రాశాను. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. టోర్నమెంట్లలో ఆడిన నిమిషాలు.

"ఇదేం రాయమంటావు బాబూ?"

"ఉన్నదే రాయండి సార్."

"సున్నా అంటే ఏం బాగుంటుందయ్యా? ఆరోజు ఆ వెధవ ఉపన్యాసాలు లేకపోతేనా! నేనైతే రెండు ముక్కలు మాట్లాడి దిగిపోయాను. మిగతావాళ్ళే..."

"మీ రెండు ముక్కలు ఇరవై రెండు నిమిషాలండి" అన్నాడు కరిముల్లా. "పరిగెత్తుతా వాచీ చూసుకుంటానే ఉన్నా. అందరికంటే మీరే ఎక్కువ మాట్లాడారండి. బానే మాట్లాడారు సార్. యూత్ గురించి."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. సిగ్గేసింది, అంతకంటే వేరే మాట లేదు. ఆ గడిలో ఇరవై రెండు రాసేద్దామని చెయ్యి వెళ్ళింది. కానీ అవి అతను ఆడిన నిమిషాలు కావు, నేను తినేసినవి. సున్నా రాసి, సంతకం పెట్టి, గౌరవ కార్యదర్శి ముద్ర వేశాను.

అతను ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్యారీ బ్యాగులోంచి జెర్సీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. పదహారో నంబరు కుట్టు ఒక్క పోగు కూడా లేవలేదు.

"ఇది ఇంకెవరికన్నా ఇవ్వండి సార్" అన్నాడు. "కొత్తదేనండి."