వగీహ్ కాపురం కోసం ఒక దొంగ సైటు

ఆన్‌లైన్ పోకర్ సైట్లు మోసం చెయ్యాలి. చేసితీరాలి! చెయ్యకపోతే కాపురాలు నిలబడవు.

అదేం మాట అని బుగ్గలు నొక్కుకోకండి. లోకంలో అందరూ ఒకటే అడుగుతున్నారు. ఈ సైట్లని నమ్మవచ్చా? ముక్కలు సవ్యంగా కలుపుతాయా? తెర వెనక ఎవడైనా కూర్చుని మన చేతిలో ఏమున్నాయో చూస్తున్నాడా? అయ్యా, భయపడవలసింది వాటికి కాదు. ఖర్మ కాలి అవి నిజాయితీగానే ఆడిస్తుంటే మన గతేమిటి? ఇన్నాళ్ళూ ఓడింది మన తెలివితక్కువవల్లేనని ఒప్పుకోవాలి కదా! ఏ మగవాడి గుండె తట్టుకుంటుందండీ దాన్ని?

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. దాన్ని వెటకారం అనుకుంటారు అందరూ. నన్నడిగితే అది మద్దెల చేసే ఉపకారాన్ని పొగుడుతూ అన్న మాట. మద్దెలే లేకపోతే ఆడలేనివాడు ఎవర్ని తిడతాడు? ఇంటికొచ్చి పెళ్ళాన్ని తిడతాడు. కాబట్టి ప్రతి ఊరికీ ఒక ఓటి మద్దెల ఉండడం శాంతిభద్రతలకి మంచిది.

నా మాట మీద గురి కుదరకపోతే మా అలెగ్జాండ్రియాలో, బహరీ పేటలో, వగీహ్‌కి జరిగింది వినండి.

వగీహ్ రొట్టెల తనిఖీ అధికారి. సర్కారు రొట్టె తూకం తగ్గకుండా చూడడం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి రొట్టెలు తూచగా తూచగా ఆయనకొక జ్ఞానోదయం కలిగింది. తూకం తక్కువున్న చోట మోసం ఉంది. తూకం సరిపోయిన చోట ఇంకా పెద్ద మోసం ఉంది. లేకపోతే ఎందుకు సరిపోతుంది? ఈ సూత్రాన్నిబట్టి ఆయన బేకరీలన్నిటికీ సమానంగా జరిమానా వేసేవాడు. అంతటి సమదృష్టి గల అధికారిని ఆ పేట అంతకుముందు చూడలేదు.

సాయంత్రాలు మిన్యావీ కాఫీకొట్టులో కూర్చుని, ఫోన్లో పోకర్ ఆడేవాడు. అంటే, ఓడేవాడు. ఆయన ఆటకి ఒకటే పద్ధతి. చేతికొచ్చిన ముక్కల్ని వదిలిపెట్టడు. రెండూ ఏడూ వచ్చినా సరే, పట్టుకునే కూర్చుంటాడు, పందెం కాస్తూనే ఉంటాడు. ఎందుకని అడిగితే, ఇంటికొచ్చిన చుట్టాన్ని గెంటేస్తామా అనేవాడు. ఇంత మర్యాదస్తుడు ఓడిపోతున్నాడంటే తప్పు ఎవరిది? సైటుదే కదా!

ఒకనాడు ఆసుల జోడీ చేతిలో ఉండగా ఓడాడు. హుక్కా గొట్టం పక్కన పారేసి లేచాడు.

"దొంగ సైటయ్యా ఇది! పచ్చి దొంగ! ఆసుల మీద తొమ్మిదులు గెలవడం మీ తాతల నాడైనా విన్నారా?"

ఎదురు బల్ల దగ్గర బయ్యూమీ డామినోలు పేర్చుకుంటున్నాడు. ట్రాములు నడిపి రిటైరైనవాడు, ఎవరెంత తొందరపెట్టినా తన వేగం మార్చుకోనివాడు.

"దానికి దొంగతనం ఖర్మేంటి, అబూ నదా?" అన్నాడు. వగీహ్ కూతురు నదా. అబూ అంటే నాన్న, ఆ పిల్ల పేరు పెట్టే అందరూ ఆయన్ని పిలుస్తారు. "ఎవడు గెలిచినా ప్రతి ఆటలోనూ తన వాటా తను గిల్లుకుంటుంది. మన మిన్యావీనే చూడు. డామినోల్లో నేను గెలిస్తే వాడికేంటి, నువ్వు గెలిస్తే వాడికేంటి? ఇద్దరి టీ డబ్బులూ వాడి డబ్బాలోకే. సైటు మంచిదే. నీకు ఆడ్డం రాదు."

కాఫీకొట్టంతా నవ్వింది. టీ గ్లాసులు మోస్తున్నవాడు కూడా ఆగి మరీ నవ్వాడు.

"నాకు ఆడ్డం రాదా? ఆ సైటు దొంగది కాకపోతే నా పెళ్ళాం మీద మూడు తలాఖులు!"

ఇందులో విడ్డూరమేమీ లేదు. బహరీలో తలాఖ్ మీద ఒట్టు పెట్టకుండా పొద్దు గడవదు. చేప తాజాదేనని చేపలవాడు ఒట్టేస్తాడు. మీటరు నిజంగానే పాడైందని టాక్సీవాడు ఒట్టేస్తాడు. ఇంకో ముక్క తిననిదే పంపనని చుట్టం కంచంలో మాంసం పడేస్తూ ఇంటాయన ఒట్టేస్తాడు. ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే పేట మొత్తానికి కాపురం నిలిచిన జంటలు పావురాలే మిగులుతాయి. ఎవరూ పట్టించుకోరు. చుట్టం ఆ ముక్క తినేస్తాడు, గొడవ వదిలిపోతుంది.

కానీ వగీహ్ వేసిన ఒట్టుని తినేసేవాడెవరు? సైటు దొంగదో కాదో ఎవరికి తెలుసు?

బయ్యూమీయే మొదట ఆ సంగతి పట్టుకున్నాడు. "ఒరే నాయనా! సైటు మంచిదని తేలితే సొహైర్ వదినకి నువ్వేమీ కావు కదరా," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నది ఇలాంటివాళ్ళని చూసే.

వగీహ్ ఇల్లు చేరేలోపలే కబురు చేరింది. సొహైర్ తలకి ముసుగు చుట్టుకుని, పరాయి మగవాడు వచ్చినట్టు గుమ్మానికి ఓరగా నిలబడి ఉంది.

"తేలేదాకా నువ్వు హాల్లో పడుకో," అంది. "నువ్వు నాకు మొగుడివో, దారినపోయే దానయ్యవో తెలీకుండా నీకు నేను అన్నం వండను."

"అది కాదు సొహైర్, ఏదో మాటవరసకి..."

"మాట జారింది నీది, వరస పోయింది నాది. వెళ్ళి పడుకో, నదా నాన్నా."

ఆ రాత్రి సోఫా మీద దొర్లుతూ వగీహ్ భయపడ్డాడు. హాస్యానికి కాదు, నిజంగా భయపడ్డాడు. తన బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉంటాయో ఆయనకి తెలియదు. ఉల్లిపాయలు వేగుతున్నప్పుడు వంటింట్లోంచి ఆవిడ చిన్నగా పాడుకునే పాట లేకపోతే ఆయనకి ఆకలే వెయ్యదు. ఆవిడంటే ఆయనకి ప్రాణం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, అనవలసినంత అవసరం ఎప్పుడొచ్చింది గనక!

ఇక మిగిలింది ఒకటే దారి. సైటు దొంగదని రుజువు చెయ్యాలి. చూశారా పాఠకులారా, మోసం ఎంత పవిత్రమైన వస్తువో! ఒక ఇల్లాలి మంగళసూత్రమంత భారం ఇప్పుడు దాని మీద పడింది.

పొద్దున్నే సైటువాళ్ళకి రాశాడు. అయ్యా, మీరు మోసం చేస్తున్నారని నాకు తెలుసు, కోపం కూడా లేదు, ఆ సంగతే ఒక్క వాక్యం రాసిస్తే మీ మేలు మరిచిపోను, అన్నాడు. తమ ముక్కలు కలిపే యంత్రాన్ని బయటి నిపుణులు పరీక్షించి సవ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చారని జవాబొచ్చింది. సర్టిఫికెట్ కూడా జతపరిచారు. వగీహ్ చెమటలు తుడుచుకుని మళ్ళీ రాశాడు. ఇంత శుభ్రమైన సర్టిఫికెట్ లంచం లేకుండా రాదని నా అనుభవం, దయచేసి ఎంతిచ్చారో చెప్పండి. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని చెప్పి, వాళ్ళు బోనస్ కింద కొంత సొమ్ము ఖాతాలో వేశారు. ఇలాంటి మొండివాళ్ళతో ఏం వేగుతాం!

సరే, ఇంకా ఓడి చూపిద్దామని కూర్చున్నాడు. గెలిచాడు! బుద్ధెరిగిన దగ్గర్నుంచి రాని ముక్కలు ఆ రోజే వచ్చాయి. ఇస్పేటు రంగులో అయిదూ వరసగా దిగాయి. పనికిరాని ముక్కల మీద ఉన్నదంతా కాస్తే, ఎదుటివాళ్ళు జడిసి వదిలేసి పోయారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. వగీహ్‌కి ఇంటిదాకా వెళ్ళే ఓపిక కూడా లేకపోయింది, కాఫీకొట్టులోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మబ్రూక్, అబూ నదా!" అని అభినందించాడు మిన్యావీ.

"నోర్ముయ్," అన్నాడు వగీహ్.

అప్పుడు ఆయనకి ఒక గొప్ప ఆలోచన తట్టింది. సొహైర్‌కి ఆసుకీ ఆఠీనుకీ తేడా తెలియదు. ఆవిడ ఆడితే ఓడకుండా ఎలా ఉంటుంది? ఒకే ఇంట్లో ఇద్దరు ఓడిపోయారంటే అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇంటికెళ్ళి వంటింటి తలుపు దగ్గర నిలబడి, ఫోను లోపలికి చాపాడు.

"ఒక్క గంట ఆడు, సొహైర్. నీ కాపురం కోసం. ఏమీ తెలుసుకోకు, ఆడు చాలు."

ఏది ఎక్కువో ఏది తక్కువో మాత్రం చెప్పించుకుని, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక చేత్తో వెల్లుల్లి వలుస్తూ, మరో చేత్తో తెర మీద నొక్కుతూ కూర్చుంది.

"అదేంటి, వదిలేశావ్?" అన్నాడు వగీహ్ కాసేపటికి.

"బాలేవు."

"మళ్ళీ వదిలేశావ్!"

"ఇవీ బాలేవు. చెత్త వస్తే పారేస్తాం గానీ దాచుకుంటామా?"

అలా ఆవిడ వదిలేస్తూ, వదిలేస్తూ, మంచివి వచ్చినప్పుడు మాత్రం తీరిగ్గా కాసింది. వెల్లుల్లి అయిపోయేసరికి, వగీహ్ ఏడాదంతా పోగొట్టుకున్న దాంట్లో మంచి వాటా తిరిగొచ్చింది. ఫోను తువ్వాలుతో తుడిచి ఆయన చేతిలో పెట్టి, సైటుకేం, లక్షణంగా ఉంది అంది.

మర్నాడు ఇద్దరూ మతపెద్ద షేక్ జుహైరీ గారి దగ్గరికి వెళ్ళారు. ఒట్ల తగాదాలు ఆయన దగ్గరికి రోజూ వస్తుంటాయి. వగీహ్ చెప్పిందంతా విన్నారు. సర్టిఫికెట్ చూడండని ఫోను చూపించబోతే చేత్తో వారించారు.

"జూదానికి పెట్టాల్సిన చీవాట్లు వేరే ఉన్నాయి, అవి ఆఖర్న పెడతాను. సైటు గోల నాకొద్దు. నువ్వు ఆ మాట అన్నప్పుడు ఈవిడని వదిలేయాలని నీ మనసులో ఉందా?"

"లేదు మౌలానా! చచ్చినా లేదు! బయ్యూమీగాడి నోరు మూయిద్దామని అన్నాను."

"అయితే తలాఖ్ పడలేదు. ఒట్టు తప్పింది, అంతే. పదిమంది పేదలకి కడుపునిండా అన్నం పెట్టు. ఇకమీదట నోరు అదుపులో ఉంచుకో."

వగీహ్ ఆయన చేతులు ముద్దు పెట్టుకోబోయాడు. లేచి, పద సొహైర్ అన్నాడు. సొహైర్ లేవలేదు.

"నాదో సందేహం, మౌలానా. నిన్న ఆ ఫోన్లో నా దగ్గరున్నదంతా ఒకేసారి కాయబోయాను. అది ఆగి నన్నడిగింది, నిజంగానే అంతా కాస్తావా అని. వద్దులే అన్నాను, ఊరుకుంది. మరి కాఫీకొట్లో నలుగురి మధ్యా ఈయన నన్ను కాసినప్పుడు నన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదమ్మా," అన్నారు షేక్ గారు.

"ఇప్పుడు మీరు ఆయన మనసులో ఏముందో అడిగారు. మంచిదే. నా మనసులో ఏముందో?"

"చెప్పమ్మా. ఏముంది?"

"ఇంకా చూసుకోలేదండి. అడిగినవాళ్ళు లేరు కదా, చూసుకునే పని పడలేదు. కొన్నాళ్ళు నదా ఇంట్లో ఉండి చూసుకుంటాను." ముసుగు సర్దుకుని లేచింది. "ఆ పదిమందికీ వంట మాత్రం నువ్వే చెయ్యి, నదా నాన్నా. నీ ఒట్టుకి నా చేతులు అరగదీసుకోను."

చూశారుగా! అందుకే సర్కారుకి నా విన్నపం, ఆ సైటుని తక్షణం మూయించండి. మోసం చేస్తే చేసింది, దాన్ని క్షమించవచ్చు. మోసాలు మనకి కొత్తా? కానీ ఇది ఆడదాన్ని కూర్చోబెట్టి, నీకిష్టమేనా అని అడుగుతోంది! కాఫీకొట్టు అడగలేదు, మొగుడు అడగలేదు, జూదగొండి యంత్రం అడిగింది. దాని నిజాయితీకి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? దానివల్ల జరిగే అనర్థానికి మాత్రం ఇంకేం రుజువు కావాలి?

ఆ జబ్బు అప్పుడే అంటుకుంది కూడా. పదిమందికీ అన్నాలు వడ్డించి, మాడిన గిన్నెలు తోముకుని, వగీహ్ మొన్న కూతురింటికి ఫోన్ చేశాడట. వచ్చెయ్ అనలేదు. వస్తావా అని అడిగాడట! తూకం సరిగ్గా ఉన్నా జరిమానా వేసిన మనిషి, అడిగి, ఆవిడేమంటుందోనని ఫోను పట్టుకుని నిలబడ్డాడట. ఆవిడ ఆలోచించి చెబుతానంది.