తండ్రి పేరు గడి

సోమవారం మంగలి దుకాణాలకు సెలవు. ఆ ఉదయం క్షవరశాల స్త్రాతిస్ పెట్టుకున్న పని ఒక్కటే, తన స్పిథా కారును కడగడం. ఆరేళ్లుగా ప్రతి సోమవారం కడుగుతున్నాడు. బకెట్టు పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి ముందు లారీ ఉంది. అక్కడుండే చేపల స్త్రాతిస్‌కూ స్పిథానే, దాన్ని లారీ మీదికి ఎక్కిస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ప్లొమారి ఊళ్లో ఎవరైనా తొలి కొడుక్కి తన తండ్రి పేరే పెట్టుకుంటారు. ముసలి స్త్రాతిస్ మిహలెల్లిస్‌కు పనాయిస్, వసీలిస్ అని ఇద్దరు కొడుకులు. ఇరవై రోజుల తేడాతో ఇద్దరికీ మగపిల్లలు పుట్టి, ఇద్దరూ స్త్రాతిస్ మిహలెల్లిస్‌లే అయ్యారు. కాగితాల్లో వాళ్లను విడదీసేది తండ్రి పేరు ఒక్కటే. పనాయిస్ కొడుకు కత్తెర పట్టాడు, వసీలిస్ కొడుకు చేపలు పట్టాడు. ముందు పుట్టిన మన క్షవరశాల స్త్రాతిస్‌కు మాత్రం, తన పేరును బాబాయి కొడుకైన తమ్ముడు ఎత్తుకుపోయాడని యాభై ఆరేళ్లుగా కడుపుమంట. అందుకే ఏ ఫారంలోనూ తండ్రి పేరు గడి నింపడు. "అసలు స్త్రాతిస్‌ని నేను. నాన్న పేరు నకలుగాడు రాసుకోవాలి," అంటాడు. కారు కొన్నప్పుడు కంపెనీ కార్డులోనూ అంతే చేశాడు.

"ఏంట్రా, ఎక్కడైనా గుద్దేశావా?" అని అడిగాడు ఆశగా.

"లేదన్నా. డ్రైవర్ సీటు కింద అతుకు పగులుతుందట. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇది తీసుకెళ్లి కొత్త బండి ఇస్తారట," అన్నాడు తమ్ముడు. "నాకైతే ఏ ఇబ్బందీ లేదు మరి. ఎవరి దిష్టి తగిలిందో!"

"కొత్తదా?" బకెట్టు జారి స్త్రాతిస్ చెప్పులు తడిసిపోయాయి.

స్పిథా మీద దేశమంతటా ఫిర్యాదులున్న మాట నిజమే. లారిసా పట్టణంలో ఒకావిడ మలుపు తిరుగుతుండగా సీటుతో సహా కిందికి దిగబడిందని టీవీలో చూపించారు. అప్పుడు కాఫీ కొట్లో అందరికంటే గట్టిగా నవ్వింది ఈ స్త్రాతిసే. "కారును ప్రేమగా చూసుకోవాలి. నా బండి కిర్రుమని కూడా అనదు," అని గొప్పలు పోయాడు.

ఇంట్లోకి వెళ్లి భార్య ముందు కూలబడ్డాడు.

"మిర్సినీ, వాడి కారుకున్న రోగం మనదానికి ఎందుకు లేదు?"

"మనది బాగుంది కదా, దేవుడి దయవల్ల."

"అదేగా నా ఏడుపు!"

ఆ పూటే కంపెనీకి ఫిర్యాదు రాశాడు. తలుపు ఊడిపోతోంది, సీటు ఊగుతోంది, అడుగున చిల్లులు పడ్డాయి, పైకప్పు కారుతోంది. "ఏప్రిల్ నుంచి చినుకు పడలేదు, పైకప్పు ఎలా కారింది?" అంది మిర్సినీ. పైకప్పు మాట కొట్టేసి పంపాడు. గురువారం ఇంజనీరు వచ్చి చూస్తుందని కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. అంటే ఆలోగా కారును ఫిర్యాదుకు తగ్గట్టు తయారు చెయ్యాలి.

మంగళవారం దుకాణం మూశాక పక్క తలుపు మరలు వదులు చేశాడు. బావమరిది దగ్గర ఇనుము కోసే రంపం తెచ్చి, డ్రైవర్ సీటు కింద జానెడు మేర కోశాడు. కోస్తుంటే ఏడుపొచ్చింది పాపం. ఎదురింటి ముందు రాబోయే కొత్త బండి కళ్లలో మెదిలి, ఇంకో బెత్తెడు కోశాడు.

ఈ మరల సంగతి తెలియని మిర్సినీ బుధవారం చెల్లెలికి అన్నం కూరి వండిన టమాటాల పళ్లెం ఇవ్వాలని కారెక్కింది. వద్దంటే ఎందుకో చెప్పాలి. కాబట్టి స్త్రాతిస్ నోరు మూసుకుని పోనిచ్చి, తనూ వెనకే నడిచాడు. కాఫీ కొట్టు మలుపులో తలుపు వెళ్లిపోయింది, దాని వెంటే టమాటాలూ వెళ్లిపోయాయి. కొట్లో ఉన్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. పరుగెత్తుకొచ్చింది మాత్రం చేపల స్త్రాతిసే.

"వదినా, దెబ్బ తగల్లేదు కదా? అన్నా, నువ్వుండు, నేను కడతాను," అంటూ చేపల పెట్టెల తాడుతో తలుపు కట్టేశాడు. ఆ మంచితనం అన్నకు తలుపు ఊడినదానికంటే ఎక్కువ మండింది.

గురువారం ఇంజనీరు కల్లియోపి వచ్చింది.

"స్త్రాతిస్ మిహలెల్లిస్ మీరేనా?"

"అసలువాణ్ని నేనే."

"క్షమించాలండీ. పగిలే అతుకున్నది మీ బండికే. మా ఉత్తరం మీకు రావాల్సింది. కార్డులో తండ్రి పేరు లేక చేపల కొట్టుకు వెళ్లింది. లారీ అతను పేరు చూశాడు, బండి నంబరు చూడలేదు. ఆయన బండిని నిలువునా కోశాక తెలిసింది మాకు, దాని అతుకు ఉక్కులా ఉందని."

"అంటే కొత్త కారు నాదా!" స్త్రాతిస్ మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాడు.

"మీదే. పాతదాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటాం. ఒకసారి చూడనివ్వండి."

"చూడ్డానికేముందమ్మా, అంతా దుమ్ము. కాఫీ తాగుదురు గాని రండి."

ఆమె అప్పటికే కారు కిందికి దూరింది. కాసేపటికి గొంతు మాత్రం వినిపించింది. "ఈ కోత ఏంటి?"

"ఎలకలండీ."

"ఎలకలకు రంపం ఎవరిచ్చారు?"

 పగులు ఉండే ఉంటుంది, కానీ స్త్రాతిస్ సరిగ్గా దాని మీదుగానే కోసేశాడు. ఇక కంపెనీకి చూపించడానికి రంపం గుర్తులు తప్ప ఏమీ మిగల్లేదు. దీనికి బదులు కొత్తది రాదు, ఇది రోడ్డెక్కకూడదంటూ ఆమె నంబరు ప్లేట్లు విప్పుతోంది.

"మరి మా తమ్ముడు?"

"నిక్షేపంలాంటి బండిని కోసేశాం కదా, ఆయనకు కొత్తది ఇవ్వాల్సిందే."

"ఆరేళ్లు ఆ సీటు మీదే కూర్చున్నావు. ప్రాణాలతో ఉన్నావు, అది చాలదా?" అంది మిర్సినీ, కళ్లు తుడుచుకుంటూ.

స్త్రాతిస్‌కు అది వినబడలేదు. ఎదురింటి ముందు తమ్ముడు కొత్త బండికి చోటు ఊడుస్తున్నాడు. అద్దానికి కట్టేందుకు నీలం దిష్టిపూస అప్పుడే జేబులోంచి వేలాడుతోంది.

కల్లియోపి ఒక ఫారం చేతికిచ్చింది. యజమానే బండిని పాడుచేశాడని అందులో ఉంది. "సంతకం పెట్టండి. ఈసారి తండ్రి పేరు గడి ఖాళీగా వదలకండి, మళ్లీ ఇంకొకరి మీదికి పోతుంది," అంది.

స్త్రాతిస్ ఎదురింటి వైపు ఒకసారి చూసి, తండ్రి పేరు గడిలో గుండ్రటి అక్షరాలతో బాబాయి పేరు రాశాడు.